బర్మారు తుడిచే చేతులు ఎవరివి?

పల్లిచేలు కాయ పట్టే రోజులు వచ్చాయంటే గోపాల్‌పేట మండలంలో రాత్రులకు నిద్ర వుండదు. చీకటి పడగానే అడవిపందులు మందలు మందలుగా చేలల్లో దిగుతాయి. మూతితో సాళ్లకు సాళ్లు పెళ్లగిస్తాయి. తిన్నది కొంత, తొక్కి పాడు చేసింది అంతకు రెండింతలు. అప్పు తెచ్చి విత్తనం పెట్టిన రైతు తెల్లవారి గట్టు మీద నిలబడి చూస్తే నోట మాట రాదు. అందుకే మంచెలు లేస్తాయి, డబ్బాలు మోగుతాయి, టార్చిలైట్లు తిరుగుతాయి. కొన్ని యిళ్లలో గోడకు వేలాడే పాత బర్మారు తుపాకీ కూడా కిందికి దిగుతుంది.

ఆ తుపాకీ దిగిన తర్వాత జరిగేది ఎవరూ పట్టించుకోవటం లేదు. లైసెన్సు పుస్తకంలో పేరు ఆసామిది. మంచె మీద మంచులో కూర్చునేది జీతగాడు. మందు కూరేది జీతగాడు. తెల్లవారినాక తుడిచి పెట్టేది జీతగాడు. పంట దక్కితే ఆసామికి దక్కుతుంది. తుపాకీ వెనక్కి తన్ని పేలితే చేయి పోయేది, కన్ను పోయేది జీతగాడికే.

యీ వారం మేము రాయదలచింది చూడటానికి చాలా చిన్న విషయం. బర్మారు గొట్టానికి వెనుక కొసన బిగించి వుండే బొటనవేలంత యినుపముక్క గురించి. దాన్ని శుభ్రం చేయటం, చేయకపోవటం గురించి. తుపాకుల సంగతి వ్యవసాయ కూలీ సంఘానికి ఎందుకని కొందరు అడగవచ్చు. కూలీ చేతిలో పెట్టే పనిముట్టు ఏదైనా కూలీ సంఘానికి సంబంధించిందే. కొడవలి పిడి వూడినా, స్ప్రేయరు మందు కారినా, కోతమిషను పట్టా తెగినా మనం మాట్లాడుతాం. ప్రాణం తీసే పనిముట్టు గురించి మాట్లాడకుండా వుంటే ఎట్లా?

వేళ్లు పోయిన చేయి

కొన్నేళ్ల కింద యీ ప్రాంతంలోని ఒక వూళ్లో కూలీల సమావేశం జరిగింది. వెనుక వరుసలో ఒకాయన ఎండాకాలంలో కూడా ఎడమచేతికి తువ్వాల చుట్టుకుని కూర్చున్నాడు. సమావేశం అయినాక పక్కకు పిలిచి అడిగితే తువ్వాల విప్పి చూపించాడు. మూడు వేళ్లు లేవు.

"పటేలు తుపాకి తుడిచి పెట్టుమన్నడన్నా. గోడకు ఏడాది సంది యాలాడుతనే వున్నది గద, ఖాళీగనే వుంటదనుకున్న. టోపీ తుప్పు వట్టి కరుసుకున్నది. మూతి కాడ ఎడమచెయ్యితోని పట్టుకొని, టోపీ వూడదీద్దామని సుత్తెతోని కొట్టిన. గంతే యాదికున్నది."

ఏడాది పాటు గోడకు వేలాడిన ఆ గొట్టంలో మందు వుంది. పోయిన పంటకాలంలో ఎవరో కూరి, పేలకపోతే అట్లాగే వదిలేసిన మందు అది. కూరినవాడు చెప్పలేదు. ఆసామి అడగలేదు. తుడవమన్నవాడు చూడలేదు. దవాఖానలో పటాకీ పేలిందని రాయించారు. కేసు లేదు, పరిహారం లేదు. వైద్యానికి అయిన ఖర్చు కూడా జీతం బాకీలో కలిపారు. మూడు వేళ్లు పోగొట్టుకున్న మనిషి ఆ వేళ్ల ఖర్చును తానే రెండేళ్లు పనిచేసి తీర్చాడు.

తప్పు తనదేనని ఆయన యిప్పటికీ అనుకుంటున్నాడు. "నాకు తెల్వక పాయె అన్నా" అన్నాడు. తెలియకపోవటం ఆయన తప్పు కాదు. తెలియనివాడి చేతికి తుపాకీ యిచ్చిన తప్పు ఒకటి వుంది. అట్లా యివ్వటానికి చట్టమే ఒప్పుకోదు. కాని అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెలియనివి రెండు: పనిముట్టు సంగతి, హక్కు సంగతి. రెండూ చెప్పటమే యీ వ్యాసం పని.

పేరు ఒకరిది, ప్రాణం ఒకరిది

మనది సంస్థానాల గడ్డ. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతతో పాటు గోపాల్‌పేట కూడా నిజాం రాజ్యంలో ఒక సంస్థానమే. ఆ రోజుల్లో తుపాకీ అంటే గడీ గుర్తు. పంటకు కావలి కాయటం కంటే మనుషులకు కావలి కాయటానికే అది ఎక్కువగా పనికివచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వడిసెలలు, గుతపలతో నిలబడ్డ తెలంగాణ రైతులు తర్వాత భూస్వాముల దగ్గర గుంజుకున్న బర్మార్లతో గ్రామాలను కాపాడుకున్నారు. 1949లో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. గడీలు కూలిపోయాయి, కొన్ని బడులూ ఆఫీసులూ అయినాయి.

బ్రిటిషు ఏలుబడిలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు చూసి భయపడిన ప్రభుత్వం తెల్లవాళ్లకు మినహాయింపు యిచ్చి, దేశంలోని మనుషుల చేతుల్లో ఆయుధం లేకుండా చేయటానికి తెచ్చిన చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చినాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. పంట రక్షణకు నిజంగా కావలసి వచ్చిన పౌరునికి మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు యిచ్చే ఏర్పాటు దాని 13వ సెక్షనులో వుంది. లైసెన్సు పుస్తకంలో 'ఎస్.బి.ఎం.ఎల్.' అని రాసి వుండేది యీ ఒంటి గొట్టం తుపాకీయే. దీన్నే మన వూళ్లలో బర్మారు అంటారు.

అదే చట్టం 3వ సెక్షను యింకో మాట చెబుతుంది. లైసెన్సు లేని మనిషి తుపాకీ పట్టుకోగూడదు. లైసెన్సుదారు ఎదుట వున్నప్పుడో, ఆయన రాతపూర్వకంగా యిచ్చిన అనుమతితోనో, రిపేరుకో, లైసెన్సు రెన్యువలుకో, ఆయన వాడకానికి అందించటానికో మాత్రమే దాన్ని మోయవచ్చు. అంటే ఆసామి యింట్లో పడుకుని, "నువ్వు పోయి కావలి కాయి" అని జీతగాడి భుజానికి తుపాకీ తగిలించి పంపటం చట్టవిరుద్ధం. పోలీసు పట్టుకుంటే జైలుకు పోయేది జీతగాడు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి వున్న నేరానికి రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష వుంది. కూలి డబ్బులకు కావలి కాసిన పేదవాడికి ఐదేళ్ల జైలు! యీ సంగతి ఎంతమంది జీతగాళ్లకు తెలుసు?

గొట్టం అడుగున ఏముంది?

బర్మారు నిర్మాణం సులువైంది. లోపల నున్నగా వున్న గొట్టం ఒకటి. (రైఫిలు అంటే లోపల మెలి తిరిగిన గాళ్లు వుంటాయి. పంటకావలి తుపాకులకు అవి వుండవు.) ముందు మూతి తెరిచి వుంటుంది. వెనుక కొసన మరచుట్లు కోసి ఒక యినుప బిరడా గట్టిగా బిగిస్తారు. అదే అడుగు బిరడా. దాని పక్కన చిన్న మొన. దాని మీద టోపీ పెడతారు. గుర్రం పడి టోపీ పగిలితే నిప్పు సన్నని దారిలో లోపలికి పోయి మందు అంటుకుంటుంది. మందు కాలి పుట్టిన గాలి గుళ్లను ముందుకు తోస్తుంది. అంతే బలంతో అడుగు బిరడాను వెనక్కి తోస్తుంది. ఆ బిరడాకు వెనుక ఒక మనిషి ముఖం వుంటుంది. బిరడా నిలిచిందా, మనిషి నిలిచాడు. అది లేచి వచ్చిందా, యిక చెప్పటానికేమీ వుండదు.

యీ తుపాకీలో వాడే మందు సురేకారం, గంధకం, బొగ్గు కలిసింది. కాలిన మందులో సగానికి పైగా గాలి కాదు, ఘన పదార్థం. కొంత పొగగా బయటికి పోతుంది, మిగిలింది గొట్టం లోపల మసిగా పేరుకుంటుంది. ఆ మసిలో లవణాలు వుంటాయి. వుప్పు గాలిలోని చెమ్మ పీల్చినట్టే అదీ పీలుస్తుంది. మంచు కురిసే రాత్రి కాల్చిన తుపాకీని తుడవకుండా పెడితే ఒకటి రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది. మసి ఎక్కువగా చేరేది అడుగున, బిరడా దగ్గర, మరచుట్ల సందుల్లో, నిప్పుదారిలో. పైకి నూనె పూసి నిగనిగలాడించిన తుపాకీ కూడా లోపల చెదపురుగు తిన్న దూలం లాగా అయివుండవచ్చు.

చాలామంది చేసే పొరపాటు యిక్కడే వుంది. గొట్టంలో కొంచెం నూనె పోసి, గుడ్డ తిప్పి, అయిపోయిందంటారు. నూనెకు ఆ వుప్పు కరగదు. నీళ్లకు కరుగుతుంది. మసి మీద నూనె పూయటమంటే పుండు కడగకుండా కట్టు కట్టటమే.

శుభ్రం చేసే పద్ధతి

మొట్టమొదటి సంగతి: యీ పని లైసెన్సుదారుది. ఆయన చేయాలి, లేదా ఆయన ఎదురుగా నిలబడి వుండగా జరగాలి. అయినా కూలీకి పద్ధతి తెలిసి వుండటం మంచిది. తెలిసినవాడు కాదనగలుగుతాడు.

ఖాళీగా వుందనే మాట ఎవరు చెప్పినా నమ్మగూడదు. టోపీ పెట్టి వుందేమో ముందు చూడాలి. వుంటే, అది తుప్పు పట్టి కరుచుకుని వుంటే, ముట్టకుండా పక్కన పెట్టి పనితనం తెలిసినవాళ్లను పిలవాలి. టోపీ లేకపోతే దట్టించే కడ్డీని మెల్లగా మూతిలోంచి అడుగు దాకా దించి, మూతి దగ్గర గోటితో గుర్తు పెట్టుకుని, తీసి గొట్టం పక్కన బయట ఆనించి కొలవాలి. కడ్డీ అడుగు బిరడా దాకా పోతే ఖాళీ. బెత్తెడు యివతలే ఆగితే లోపల మందు వున్నట్టు, లేదా గొట్టం పూడుకుపోయినట్టు. యీ కొలత తీసే సమయంలో కూడా ముఖం గానీ, చేయి గానీ మూతికి ఎదురుగా వుండగూడదు. కడ్డీని పక్క నుంచి రెండు వేళ్లతో పట్టుకోవాలి.

లోపల మందు వుందని తేలితే కాల్చి ఖాళీ చేద్దామని, కడ్డీతో గుంజుదామని ప్రయత్నం చేయవద్దు. ఎంత కాలం కిందటిదైనా పొడిగా వున్న మందు మందే. దాన్ని మూతి మనుషుల వైపు లేకుండా పెట్టి, లైసెన్సున్న తుపాకుల రిపేరుదారు దగ్గరికి ఆసామే తీసుకుపోవాలి.

ఖాళీ అని తేలినాక కడగటం మొదలుపెట్టాలి. టోపీ పెట్టే మొనను దానికి సరిపోయే రెంచితో విప్పాలి. పటకారతో తిప్పితే అంచులు అరిగి, మళ్లీ బిగించినప్పుడు వదులుగా నిలుస్తుంది. వదులుగా వున్న మొన పేలుడుకు వూడి కంటికే వచ్చి తగులుతుంది. మొన విప్పినాక ఆ దారిలోంచి, గొట్టంలోంచి వేడినీళ్లు పోయాలి. కొంచెం సబ్బు కలిపినా మంచిదే. కడ్డీకి గుడ్డ చుట్టి పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించాలి. నల్లటి నీళ్లు వస్తాయి. తెల్లటి నీళ్లు వచ్చేదాకా పోయాలి. అడుగు బిరడా ముఖానికి అంటిన మసి గట్టిది. గుడ్డ అంచు దాన్ని తాకేటట్టు చివరి దాకా దించి తిప్పితే తప్ప రాదు. నిప్పుదారిని సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయాలి.

తర్వాత పొడి గుడ్డలు. ఒకటి, రెండు, నాలుగు, తడి రాని దాకా. వేడినీళ్లు పోసిన గొట్టం ఆ వేడికే సగం ఆరుతుంది. అందుకే చల్లనీళ్ల కంటే వేడినీళ్లు మేలు. పూర్తిగా ఆరినాక పలచగా మిషను నూనె పూయాలి. పల్లినూనె, కొబ్బరినూనె వాడవద్దు.  మొన చుట్లకు కొంచెం గ్రీజు రాసి బిగించాలి. తుపాకీని మూతి కిందికి వుండేటట్టు వేలాడదీస్తే మిగిలిన నూనె అడుగు బిరడా వైపు, నిప్పుదారి వైపు దిగదు.

అడుగు బిరడాను విప్పవచ్చా? యీ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. యీ మధ్య విదేశాల్లో వేటగాళ్లు వాడే కొత్త రకం తుపాకులకు బిరడాను ప్రతిసారీ విప్పి, మరచుట్లు బ్రష్షుతో తోమి, ప్రత్యేకమైన గ్రీజు రాసి మళ్లీ బిగించేటట్టు చేస్తున్నారు. మన యిళ్లలోని పాత బర్మార్లు అట్లాంటివి కావు. వాటి బిరడా ఒకసారి బిగించి, అట్లాగే వుండేది. పైపు రెంచి వేసి, పొడుగాటి పైపు తగిలించి గుంజితే గొట్టం మెలి తిరుగుతుంది, చుట్లు చెడిపోతాయి. మళ్లీ పాత చోటికి వచ్చి కుదరదు. పైకి సరిగ్గానే కనపడుతుంది, పేలినప్పుడు తెలుస్తుంది. అందుచేత విప్పవలసి వస్తే అది లైసెన్సున్న రిపేరుదారు చేయవలసిన పని. లైసెన్సు లేకుండా తుపాకులు రిపేరు చేయటం చట్టం 5వ సెక్షను ప్రకారం నేరం కూడా. వూరి కమ్మరి మీద ఆ భారం వేయగూడదు. కమ్మరి కూడా కష్టజీవే.

విప్పకుండానే చూడగలిగిన గుర్తులు వున్నాయి. బిరడా, గొట్టం కలిసే గీత దగ్గర నల్లటి చార గానీ, తుప్పు నీరు కారిన మరక గానీ వుందా? కడిగేటప్పుడు ఆ గీత దగ్గర తడి వూరుతోందా? మొన వేలితో కదిలిస్తే కదులుతోందా? గొట్టం ఎక్కడైనా వుబ్బిందా? వీటిలో ఒక్కటి కనపడినా ఆ తుపాకీ పనికిరాదు. దాన్ని ఎవరు పట్టుకోమన్నా పట్టుకోవద్దు. ఎన్నికలు వచ్చినప్పుడు తుపాకులు ఠాణాలో జమ చేయమంటారు. నెలల తరబడి అక్కడ వుండి తిరిగి వచ్చిన తుపాకీని యీ గుర్తులన్నీ చూసిన తర్వాతే యింట్లోకి తేవాలి.

యింకో మాట. పేలకపోతే వెంటనే మూతిలోకి తొంగి చూడవద్దు. నిప్పు లోపల నెమ్మదిగా రాజుకుని కొంతసేపటికి పేలవచ్చు. మూతి మనుషులు లేని వైపు వుంచి కనీసం రెండు నిమిషాలు ఆగాలి. కాల్చిన వెంటనే మళ్లీ మందు పోయటం కూడా అంతే ప్రమాదం. లోపల మసిలో నిప్పురవ్వ మిగిలి వుంటుంది. పేలలేదని దాని మీదే యింకోసారి కూరటం గొట్టం పగలగొట్టటానికి దగ్గరి దారి.

నాటు గొట్టాలతో చావు

లైసెన్సు తుపాకుల సంగతే యిట్లా వుంటే దొంగచాటు నాటు తుపాకుల సంగతి చెప్పనక్కరలేదు. నీళ్ల పైపుకు వెనుక వెల్డింగు చేసి తుపాకీ అనటం ఆత్మహత్యతో సమానం. నీళ్ల పైపు నీళ్లను మోయటానికి చేసింది. పేలుడు బలాన్ని మోయటానికి చేసిన యినుము వేరు. అందులో అడుగు బిరడాయే వుండదు, దాని చోట వెల్డింగు అతుకు వుంటుంది. ఆ అతుకుకు వెనుక మన కూలీ కన్ను వుంటుంది. పటాకుల మందు, బండలు పేల్చే మందు వాడటం మరీ ఘోరం. అట్లాంటిది ఎవరి దగ్గర చూసినా మన సంఘం కార్యకర్తలు స్నేహంగా, గట్టిగా చెప్పి మాన్పించాలి. దాచిపెట్టటం అతనికి మేలు చేయటం కాదు.

పంది శత్రువా, పద్ధతి శత్రువా?

తుపాకీకి లైసెన్సు వుంటే పందిని చంపవచ్చనుకుంటున్నారు. అదీ తప్పే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అడవిపందిని చంపాలంటే అనుమతి కావాలి. పంటకు, ఆస్తికి హాని చేస్తున్న జంతువు విషయంలో 11వ సెక్షను కింద అధికారులు ఆ అనుమతి యివ్వవచ్చు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి జాబితాలు మారినా, యీ దారి మూసుకుపోలేదు. దారి వుంది గానీ రైతు దాకా రావటం లేదు. అర్జీ ఎవరికి పెట్టాలో తెలియదు. పెట్టినా జవాబు వచ్చేలోగా చేను ఖాళీ అవుతుంది. పందిమాంసంతో పట్టుబడితే మాత్రం కూలీ మీద కేసు వెంటనే వస్తుంది.

యీ నిర్లక్ష్యం నుంచే కరెంటు తీగలు పుట్టాయి. చేను చుట్టూ తీగ కట్టి నేరుగా కరెంటు తగిలిస్తున్నారు. పంది కోసం కట్టిన తీగకు తెల్లవారి నీళ్లు పెట్టటానికి పోయిన కూలీ, బర్రెల వెంట పోయిన పిల్లవాడు, పక్క చేను రైతు, చివరికి కట్టినవాడే బలి అవుతున్నారు. తుపాకీ ఒకవైపే పేలుతుంది. తీగకు వైపు లేదు. యిది కరెంటు దొంగతనం, మనిషి చస్తే ప్రాణం తీసిన నేరం. ఏ కూలీ కూడా ఆ తీగ గుంజటానికి, కరెంటు తగిలించటానికి పోగూడదని మా గట్టి సలహా.

ప్రాణం తీయని పద్ధతులు లేకపోలేదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పల్లిచేను చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేయమని చెబుతున్నారు. పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. కుసుమ ముల్లు దాన్ని ఆపుతుంది, ఆముదం వాసన పంట వాసనను కప్పుతుంది. ఒక్క రైతు వేస్తే పంది పక్క చేలో దిగుతుంది. వాడకట్టంతా కలిసి వేస్తే ఫలితం వుంటుంది. యిక్కడే రైతు సంఘం, కూలీ సంఘం కలిసి పనిచేయాలి.

యిది రైతు మీద కూలీ కయ్యం కాదు. రెండెకరాల రైతు, కౌలురైతు తన చేనుకు తానే కావలి కాస్తున్నాడు. ఆయన కూడా మనవాడే. కౌలుదారుకు పట్టా లేదు, లైసెన్సు లేదు, నష్టం జరిగితే పరిహారం రాసేవాడు లేడు. పదులెకరాల ఆసామి మాత్రం పాత బాకీ చూపించి జీతగాణ్ణి రాత్రంతా మంచె మీద కూర్చోబెడుతున్నాడు. పగలంతా పని చేయించుకుని, రాత్రి కావలి వూరికే చేయించుకోవటం వెట్టి కాక మరేమిటి? వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. బాకీ పేరున మనిషిని కట్టివేయటం అప్పటి నుంచే నేరం.

మన డిమాండ్లు, మన పని

ప్రభుత్వం నుంచి మనం అడగవలసినవి యివి. పంటనష్టం అర్జీని వూరిలోనే తీసుకుని, వారం లోపల చూసి, కౌలుదారుకు కూడా పరిహారం యివ్వాలి. పందులను తగ్గించే పని అవసరమైన చోట అటవీశాఖ అనుమతితో, శిక్షణ వున్న మనుషులతో చేయించాలి. చిన్న రైతులకు సోలారు కంచె సబ్సిడీ మీద యివ్వాలి. లైసెన్సు రెన్యువలు చేసేటప్పుడు కాగితం ఒక్కటే చూడకుండా తుపాకీ అడుగు బిరడా, మొన, గొట్టం పనితనం తెలిసినవాళ్లతో పరీక్ష చేయించాలి. పనికిరానివాటిని తీసుకోవాలి.

ఆసాముల నుంచి అడగవలసినవి యివి. రాత్రి కావలిని వేరే పనిగా లెక్కకట్టి కూలి యివ్వాలి. టార్చి, చలికి దుప్పటి, పాము కరవకుండా బూట్లు యివ్వాలి. ప్రమాదం జరిగితే వైద్యం ఖర్చు భరించాలి, బాకీలో కలపగూడదు. తుపాకీ జీతగాడి చేతికి యివ్వగూడదు.

మన సంఘాలు వెంటనే చేయవలసిన పని కూడా వుంది. గోపాల్‌పేట మండలంలో ప్రతి వూళ్లో పల్లి పీకే లోగా ఒక సమావేశం పెట్టాలి. కావలి కాసే కూలీలందరినీ పిలవాలి. యీ వ్యాసంలోని సంగతులు చదివి వినిపించాలి. "తుపాకి నా పేర లేదు, నేను ముట్ట" అని చెప్పే ధైర్యం ఒక్కడికి వుండదు. వూరిలోని జీతగాళ్లందరూ ఒకే మాట అంటే ఏ ఆసామీ బలవంతం చేయలేడు. ఎవరి చేతికైనా గాయమైతే పటాకీ పేలిందని రాయించకుండా జరిగింది జరిగినట్టు రాయించే బాధ్యత సంఘం తీసుకోవాలి.

తువ్వాల కింద చేయి దాచుకున్న ఆ మనిషి యిప్పుడు మా సమావేశాలకు వస్తున్నాడు. మొన్న ఒక వూళ్లో కుర్రవాడొకడు "గోడ మీది తుపాకి ఖాళీదేనట" అన్నాడు. ఆయన లేచి తువ్వాల విప్పి చేయి చూపించాడు. "నాకు గట్లనే చెప్పిండ్రు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత మేము ఉపన్యాసం చెప్పవలసిన అవసరం రాలేదు.